మోటారు ఇంజను నిదానము: చెవి మొదలు తీగె వరకు

నేడు నేను మీకు మనవి చేయదలచినది ఒక చిన్న దీపమును గూర్చిన చరిత్ర. అది దేవుని గూటిలోని దీపము కాదు. మోటారు కారు నడుపువాని యెదుట, వేగము చూపు ముల్లు ప్రక్కన, ఇంజను బొమ్మ యాకారమున పసుపుపచ్చగా వెలుగునట్టి దీపము. ఊరికొక బండి యున్న కాలము పోయి, వాడకు నాలుగు బండ్లు వచ్చిన యీ దినములలో దానిని చూడనివారు అరుదు. అది వెలిగిననాడు ఇంటి యజమానుని గుండె ఒకసారి ఝల్లుమనును. మరమ్మతు చేయువాడు చెప్పిన వెల విన్న పిదప మరియొకసారి ఝల్లుమనును. ఆ దీప మెట్లు పుట్టినది? అది నిజముగా ఏమి చెప్పుచున్నది? దాని మాటను మన మెట్లు వినవలయును? ఈ మూడు ప్రశ్నలకు చరిత్ర యేమి బదులు చెప్పునో విన్నవించెదను.

నేను బడిపంతులుగా తెలుగును, కొంత సంస్కృతమును చెప్పి విశ్రాంతి గొన్నవాడను. చేత పానా పట్టినవాడను గాను. అట్టివాడు ఇంజనులను గూర్చి మాటలాడుట యేమని మీకు తోచవచ్చును. నన్ను ఈ విషయమునకు లాగినది మా యింట జరిగిన యొక సంగతి.

వానకాలపు వరికోతలు ముగిసిన దినములవి. రుద్రూరులో మా మేనల్లుని బండిలో ఈ దీపము వెలిగెను. బండి నడచుచునే యుండెను గాని పెట్రోలు మిక్కిలిగ త్రాగుచుండెను. చలి యుదయమున సైతము రేడియేటరు ఫ్యాను ఆగక తిరుగుచుండెను. పట్టణమున ఒక కార్ఖానాకు కొనిపోయిరి. అచ్చటివారు స్కానరు తగిలించి చూచి, ఇంజను వేడిని తెలుపు సెన్సారు చెడినదని చెప్పి క్రొత్తది వేసిరి. దీపము ఆరెను. మూడు దినములకు మరల వెలిగెను. వేసినది నకిలీ సరకై యుండునని మరియొకటి వేసిరి. వారము గడచెను, మరల వెలిగెను. ఈసారి ఇంజనును నడిపించు కంప్యూటరే చెడినదనిరి. దాని వెల విని మా వాడు, ధాన్యపు సొమ్ము చేతికి వచ్చువరకు ఆగుదమని బండిని ఇంటికి తెచ్చెను.

ఆ యాగుటలోనే ఆపద వచ్చెను. ఒక రాత్రి మా అక్కగారికి ఊపిరి సరిగా ఆడలేదు. నిజామాబాదు ఆసుపత్రికి కొనిపోవలయును. తాళము త్రిప్పగా ఇంజను తిరిగెనే గాని అందుకొనలేదు. ఎన్నిమారులు త్రిప్పినను పెట్రోలు వాసన గుప్పుమన్నదే గాని ఫలము లేదు. పొరుగువారిని లేపి వారి బండిలో ఆమెను కొనిపోతిమి. దైవానుగ్రహమున ఆమె కోలుకొన్నది. కాని ఆ యరగంట మా వాకిట నిలిచియున్న భయమును నేను మరువలేదు.

మరునాడు లారీల వైరింగు పనిలో తల నెరసిన యొక మిస్త్రీని పిలిపించితిమి. అతడు అరగంటలో దోషమును పట్టుకొనెను. అతడేమి చేసెనో చివర చెప్పెదను. ఆ పని విలువ తెలియవలెనన్న ముందుగా కొంత పూర్వకథ వినవలసియున్నది.

మన సీమకు మోటారు బండి వచ్చిన కాలమును జ్ఞప్తికి తెచ్చుకొందము. 1923 మొదలు 1931 వరకు మంజీర నదిపై నిజాంసాగరము కట్టబడెను. 1932 జూన్ మాసమున నిజాం రాష్ట్ర రైల్వేకు చెందిన రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ఆరంభమయ్యెను. అప్పటి బస్సులలో స్కాట్లండు దేశపు ఆల్బియన్ కంపెనీ బండ్లు కలవు. సాగరపు నీటివలన చెరకు పెరుగగా 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. అది 2015లో మూతపడుటను మీరందరు నెరుగుదురు.

ఆనాటి ఇంజనులలో సెన్సారు అనునది లేదు. కార్బురేటరు పెట్రోలును గాలితో కలుపును. ప్లగ్గు నిప్పురవ్వను పుట్టించును. ఎప్పుడు పుట్టించవలెనో పండ్లచక్రములును కదురును నిర్ణయించును. అన్నియు కంటికి కనబడునవి, చేతికి అందునవి. కావున ఆ కాలపు మిస్త్రీకి పంచేంద్రియములే పనిముట్లు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుమీద ఆనించి, దాని పిడి చెవికి చేర్చి, ఏ సిలిండరులో చప్పుడు తేడాగా నున్నదో వినెడివాడు. ప్లగ్గు విప్పి దాని మొన నల్లగా మసిపట్టియున్న పెట్రోలు ఎక్కువైనదనియు, తెల్లగా వెలిసియున్న తక్కువైనదనియు, ఇటుకరంగున నున్న అన్నియు సరిగా నున్నవనియు చెప్పెడివాడు. పొగరంగు చూచి నూనె మండుచున్నదో పెట్రోలు మండుచున్నదో తెలిసికొనెడివాడు.

మన బెల్లపు గానుగలయొద్ద పాకము పట్టు పెద్దల నెరుగుదురు గదా. పొయ్యిమీది పెనములో రసము ఉడుకుచుండగా, గరిటెతో ఒక చుక్క తీసి చల్లని నీటిలో వేసి, వ్రేళ్లనడుమ ఉండచేసి, 'దింపుడు' అని చెప్పుదురు. ఒక నిమిషము ముందైన బెల్లము గట్టిపడదు. ఒక నిమిషము వెనుకైన మాడిపోవును. ఆ పెద్దల చేతిలో ఉష్ణమాపక యంత్రము లేదు. పాత మిస్త్రీల విద్యయు అట్టిదే. అది గొప్ప విద్య. కాని దానికి ఒక కొరత కలదు. అది మనిషి వ్రేళ్లలోను చెవిలోను ఉండును. ఆ మనిషి పోయిన దినమున అదియు పోవును. క్షణమునకు పదులమార్లు ఇంజనులోపల జరుగు మార్పును ఏ చెవియు వినజాలదు.

ఇక తీగె కథ. కార్లు బెంజి అను జర్మను శిల్పి 1886 జనవరి 29వ తేదీన తన మోటారు బండికి పేటెంటు కోరెను. 1888 ఆగస్టులో ఆతని భార్య బెర్తా, భర్తకు చెప్పకయే, తన యిద్దరు కొడుకులను ఎక్కించుకొని మన్‌హైము పట్టణమునుండి ఫోర్‌జైముకు ఆ బండిలో పోయెను. నూరు కిలోమీటర్లకు మించిన యా ప్రయాణమే మోటారు బండి చేసిన తొలి దూరప్రయాణమని చెప్పుదురు. దారిలో పెట్రోలు గొట్టము పూడుకొనగా ఆమె తన టోపీకి గ్రుచ్చుకొను సూదితో పొడిచి దానిని బాగుచేసెననియు, నిప్పురవ్వను కొనిపోవు తీగె పైచుట్టు అరిగి చెడగా తన మేజోడు కట్టును దానికి చుట్టి నడిపెననియు ప్రసిద్ధి. శ్రోతలారా, ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. మోటారు బండి తొలి పయనమునందే చెడినవానిలో ఒకటి తీగె. ఆ యిల్లాలు యంత్రమును మార్చలేదు; తీగెను బాగుచేసెను.

సెన్సారు అనగా నేమి? ఇంజనుయొక్క ఒక స్థితిని, అనగా వేడినో, గాలి ఒత్తిడినో, చక్రము తిరుగు వేగమునో, విద్యుత్తు భాషలోనికి మార్చి చెప్పు సాక్షి. ఈ సాక్షులకు మూలమైన సత్యములను కనుగొన్న శాస్త్రజ్ఞులకు మోటారు బండి మాటయే మనస్సున లేదు. 1833లో ఇంగ్లండు దేశమున మైకేల్ ఫారడే, వెండికి గంధకము కూడిన యొక పదార్థమును పరీక్షించుచు, లోహములు వేడెక్కినకొలది విద్యుత్తును అడ్డగించుచుండగా, ఈ పదార్థము వేడెక్కినకొలది విద్యుత్తుకు త్రోవ యిచ్చుచున్నదని కనుగొనెను. ఇంజను వేడిని చెప్పు సెన్సారు ఆ జాతికి చెందినది. పెక్కు బండ్లలో అది 20 డిగ్రీల వేడివద్ద 2,000 మొదలు 3,000 ఓముల అడ్డును, 80 డిగ్రీలవద్ద 300 ఓముల దరిదాపు అడ్డును చూపును. 1879లో అమెరికాలో ఎడ్విన్ హాల్ అను విద్యార్థి, పలుచని బంగారు రేకుగుండ విద్యుత్తు పోవుచుండగా అయస్కాంతమును చేర్చిన, రేకు రెండంచుల నడుమ స్వల్ప విద్యుత్తు పుట్టునని కనుగొనెను. ఇంజనులోని ఇరుసులు ఏ స్థితిలో నున్నవో చెప్పు సెన్సారులు అనేకము ఆ సూత్రముమీద పనిచేయుచున్నవి. 1889లో జర్మనీలో వాల్టర్ నెర్న్‌స్టు, రెండు ప్రక్కల పదార్థపు సాంద్రత భేదించిన నడుమ ఎంత విద్యుత్తు పుట్టునో లెక్కకు సూత్రము చెప్పెను. పొగగొట్టమున మిగిలిన ప్రాణవాయువును కొలుచు సెన్సారు ఆ సూత్రమునకు మనుమడు.

ఈ సాక్షులు ఇంజనులోనికి ఏల వచ్చిరి? సుఖమునకై కాదు, ఊపిరికై వచ్చిరి. 1943లో అమెరికా దేశపు లాస్ ఏంజిలిస్ నగరముమీద కండ్లు మండించు పొగమంచు కవిసెను. 1950 ప్రాంతమున హాగన్ స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, మోటార్లనుండియు చమురు శుద్ధిశాలలనుండియు వెలువడు వాయువులు ఎండతో కలిసి ఆ విషమును పుట్టించుచున్నవని చూపెను. 1970లో ఆ దేశమున గాలి శుద్ధికై గట్టి చట్టము వచ్చెను. పొగగొట్టమున విషమును హరించు ఉత్ప్రేరక పాత్రను అమర్చవలసి వచ్చెను. ఆ పాత్ర తన పనిని చక్కగా చేయవలెనన్న పెట్రోలు ఒక పాలు, గాలి సుమారు 14.7 పాళ్లు అను తూకము తప్పరాదు. కార్బురేటరు అంతటి తూకమును నిలుపజాలదు. 1967లోనే బాష్ కంపెనీవారు ఫోక్స్‌వాగన్ బండికి విద్యుత్తుతో పెట్రోలు చిమ్ము పరికరమును ఇచ్చియుండిరి. 1976లో అదే కంపెనీ ప్రాణవాయువు సెన్సారును వోల్వో బండ్లకు సమకూర్చెను. అది పెట్రోలు ఎక్కువైన 0.9 వోల్టు దరిదాపు, తక్కువైన 0.1 వోల్టు దరిదాపు చూపును. ఆ మాట విని కంప్యూటరు పెట్రోలును క్షణక్షణము దిద్దుకొనును.

మన దేశమున భారత్ స్టేజి తరగతి నియమములు 2000 సంవత్సరమున మొదలయ్యెను. 2010, 2017 సంవత్సరములలో అవి కఠినతరములై, 2020 ఏప్రిలు మొదలు భారత్ స్టేజి 6 అను నియమము దేశమంతట అమలులోనికి వచ్చెను. ఆ నియమములతోడనే క్రొత్త కార్లనుండి కార్బురేటరు మాయమయ్యెను. ఒకే ఇంజనుమీద ఇప్పుడు పది మొదలు ముప్పది వరకు సెన్సారులు కాపురమున్నవి.

మన చెరకునకును ఈ సాక్షులకును ఒక చుట్టరికము కలదు. చక్కెర తీసిన పిదప మిగులు మొలాసిసునుండి తీసిన సారాయిని పెట్రోలుతో కలుపు తలంపు క్రొత్తది కాదు. 1948లోనే మన దేశమున దీనికై పవర్ ఆల్కహాలు చట్టము వచ్చెను. 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుట సాధ్యమైనదని ప్రభుత్వము ప్రకటించెను. ఇథనాలు తనలోనే ప్రాణవాయువును దాచుకొన్నది గనుక దానికి కావలసిన గాలి తక్కువ. ఒక పాలు ఇథనాలుకు 9 పాళ్ల గాలి చాలును. ఒకే బండి తొట్టిలో ఒకనాడు ఒక మిశ్రమము, మరునాడు మరియొక మిశ్రమము పడినపుడు ఆ భేదమును కనిపెట్టి ఇంజనుకు చెప్పునది ఆ పొగగొట్టపు సెన్సారే. కావున సాక్షులను తీసివేసి పాతకాలమునకు పోవుదమనుట కుదరదు. వారి మాట వినుట నేర్చుకొనుటయే కర్తవ్యము.

ఇక దీపముయొక్క పుట్టుక. సెన్సారులు పెరిగినకొలది వానిలో నేది తప్పు చెప్పుచున్నదో తెలిసికొనుట కష్టమయ్యెను. అందువలన కంప్యూటరే తన్ను తాను పరీక్షించుకొని, లోపము కనబడినపుడు దీపము వెలిగించి, ఒక సంకేతమును వ్రాసియుంచు పద్ధతిని కాలిఫోర్నియా రాష్ట్రము 1988 బండ్లనుండి విధించెను. 1996నుండి అమెరికాలో అమ్ము కార్లన్నిటికి ఒకే విధమైన 16 రంధ్రముల సాకెట్టును, ఒకే విధమైన సంకేతములును విధి యయ్యెను. మన దేశమున భారత్ స్టేజి 4 బండ్లకు 2010 మొదలు తొలి తరగతి స్వీయపరీక్షయు, 2013 మొదలు రెండవ తరగతియు వచ్చెను. స్టీరింగు క్రింద చేయి పెట్టి తడిమిన ఆ సాకెట్టు మీ బండిలోను దొరకును.

మా బండిలో వ్రాయబడిన సంకేతము 'పి 0118'. దాని యర్థమేమి? 'ఇంజను వేడిని తెలుపు సెన్సారు వలయమున వోల్టేజి మిక్కిలి హెచ్చుగా నున్నది' అని మాత్రమే. సెన్సారు చెడినదని అందులో ఒక్క మాటయు లేదు. వలయము అనగా కంప్యూటరునుండి బయలుదేరిన తీగె, నడుమ కనెక్టరు, సెన్సారు, తిరిగివచ్చు తీగె, ఇన్నియు కలిసి యొక చుట్టు. ఆ చుట్టులో ఎచ్చట తెగినను వోల్టేజి ఒకటే విధముగ హెచ్చును. కార్ఖానావారు వలయము అన్న మాటను వదలి సెన్సారు అన్న మాటనే చదివిరి. రెండు మారులు నష్టము వచ్చినది ఆ చదువులోని లోపమువలన.

ఇచ్చట నాకు చిన్ననాట గురువుగారి యొద్ద చదివిన తర్కశాస్త్రము జ్ఞప్తికి వచ్చినది. కొండమీద పొగ కనబడిన నిప్పు కలదని చెప్పవచ్చును. నిప్పు లేక పొగ పుట్టదు గనుక. కాని నిప్పు కలదు గనుక పొగ కలదని చెప్పరాదు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండునందు నిప్పు కలదు, పొగ లేదు. ఇట్టి హేతువును సవ్యభిచారమందురు. సెన్సారు చెడిన దీపము వెలుగును, నిజమే. అంతమాత్రమున దీపము వెలిగినచోటనెల్ల సెన్సారే చెడియుండునను నియమము లేదు. తీగె తెగినను వెలుగును. కనెక్టరు సూదికి చిలుము పట్టినను వెలుగును. మన పూర్వులకు మోటారు తెలిసియుండెనని నేననుట లేదు. తొందరపడి తీర్పు చెప్పు మనస్సును వారు చక్కగా నెరిగియుండిరి. ఆ మనస్సు నేటికిని మారలేదు.

ఈ తొందరకు మందును ఆ శాస్త్రమే చెప్పినది. దానికి అన్వయ వ్యతిరేకములని పేరు. ఏది యున్న కార్యము కలుగునో, ఏది లేకున్న కార్యము కలుగదో, రెంటిని చూచిన పిదపనే కారణమును నిర్ణయింపవలయును. ఆ వృద్ధ మిస్త్రీ తర్కశాస్త్రము పేరు విన్నవాడు కాడు. కాని అతడు చేసినది అచ్చముగా నదే.

ముందుగా అతడు ఏ భాగమును విప్పలేదు. స్కానరు తగిలించి, ఇంజను వేడి ఎంతయని కంప్యూటరు తలచుచున్నదో చూచెను. మా వాకిట మధ్యాహ్నపు ఎండ కాయుచుండగా తెరమీద సున్నకు క్రింద 40 డిగ్రీలు అని యుండెను. అది హిమాలయ శిఖరముల చలి. అంత చలియని నమ్మిన కంప్యూటరు పెట్రోలును కుండపోతగా చిమ్మి ప్లగ్గులను తడిపివేసినది. ఆ రాత్రి బండి అందుకొనకపోవుటకు కారణ మదియే. ఫ్యాను ఊరక తిరుగుటకును అదియే కారణము. వేడి తెలియనపుడు ఇంజను మాడకుండుటకై కంప్యూటరు ఫ్యానును త్రిప్పుచునే యుండును.

తరువాత అతడు సెన్సారు కనెక్టరును ఊడదీసెను. తెరమీద అంకె మారలేదు. సెన్సారును తీసివేసినను, ఉంచినను ఒకటే మాట వచ్చుచున్నదన్నమాట. పిమ్మట ఆ కనెక్టరులోని రెండు సూదులను ఒక చిన్న తీగెముక్కతో కలిపెను. తీగెలు చక్కగా నుండిన, అడ్డు లేకపోవుటచేత కంప్యూటరు వెంటనే అతి వేడియని తలచి అంకెను పైకి ఎత్తవలయును. అంకె కదలలేదు. అప్పుడతడు నాతో అనిన మాట యథాతథముగా చెప్పుచున్నాను: "పంతులుసారూ, సెన్సారును అనేదేం లేదు. అది మాట్లాడినా కంప్యూటరుకు ఇనబడుతలేదు. నడుమ తొవ్వ తెగింది."

తరువాత మల్టీమీటరు తీసెను. విద్యుత్తును కొలుచు పలు పరికరములను ఒక పెట్టెలో చేర్చిన ఆవోమీటరు 1923లో ఇంగ్లండు తంతితపాలా శాఖలో పనిచేయు మెకాడీ అను నతని యూహనుండి పుట్టినది. 1827లో జర్మను ఉపాధ్యాయుడు ఓము ప్రకటించిన సూత్రమే దాని ప్రాణము. ఆ ఓము కూడ నావలె బడిపంతులే యని చెప్పుకొనుటకు నాకు సంతోషము. మిస్త్రీ కంప్యూటరు దగ్గర కొలువగా 5 వోల్టులు బయలుదేరుచున్నవి; సెన్సారు దగ్గర కొలువగా సున్న. బావియొద్ద నీరు పారుచున్నది, మడికి చేరుటలేదు. కావున గండి కాలువలో నున్నది. చేతితో తీగెల కట్టను తడుముకొనుచు పోయి బ్యాటరీ తట్ట వెనుక ఆగెను. అచ్చట పైతొడుగు కొరుకబడియుండెను. లోపలి రాగిపోగులు తెగి, మిగిలినవి పచ్చని చిలుముగా మారియుండెను. కోతలైన పిదప పొలమునందలి ఎలుకలు వెచ్చదనము వెదకుచు మా కొట్టములోని ఇంజనులో చేరినవి.

మొదట దీపము ఆరి మరల వెలిగినదేల యని మీరడుగవచ్చును. సెన్సారును మార్చునపుడు తీగెల కట్ట కదలి, మిగిలిన యొకటి రెండు పోగులు కొంత తడవు కలిసియుండెను. కార్ఖానావారు తమ మందు పనిచేసినదనుకొనిరి. అన్వయము చూచిరి గాని వ్యతిరేకము చూడలేదు. పాత సెన్సారును మరల తగిలించి దీపము వెలుగునా యని చూచియుండిన, అంతటితో సత్యము బయటపడియుండును. ఒక పోగుమీద వ్రేలాడు మోకు ఖాళీ బొక్కెనను ఎత్తును. నీరు నిండిన బొక్కెనను ఎత్తబోగా తెగును. అట్లే సన్నగిల్లిన తీగె ఊరక కొలిచినపుడు మంచిదిగనే తోచును. అందువలన విద్యుత్తు పారుచుండగానే కొలువవలెననియు, ఎర్తు తీగె రెండు కొనలనడుమ 0.1 వోల్టుకు మించి నష్టముండరాదనియు మిస్త్రీ చెప్పెను.

అతడు చెడిన ముక్కను కత్తిరించి, క్రొత్త తీగెను టంకము పెట్టి అతికి, తొడుగు చుట్టెను. సంకేతమును చెరిపి, కట్టను కుదిపి చూచి, బండిని బోధను వరకు నడిపించి తెచ్చి, అంకె నిలుకడగా నున్నదని చూచిన పిదపనే కూలి పుచ్చుకొనెను. నాటినుండి ఆ దీపము వెలుగలేదు. రెండు సెన్సారులు మా కొట్టములో వ్రేలాడుచున్నవి. మొదటిదియు మంచిదే, రెండవదియు మంచిదే.

ఒక హెచ్చరిక చేయవలయును. రెండు సూదులను తీగెతో కలుపు పరీక్ష వేడిని చెప్పు రెండు తీగెల సెన్సారుకు మాత్రమే చెల్లును. మూడు తీగెలున్న సెన్సారులకు అట్లు చేసిన కంప్యూటరుకే హాని కలుగవచ్చును. పసుపుపచ్చని తొడుగుగల గాలిసంచి తీగెలను ఇంటివారు ముట్టనే రాదు. విద్య తెలిసినవారి చేతనే చేయింపవలయును. మనము చేయవలసినది పరీక్ష కాదు, ప్రశ్న.

దీపము వెలిగినపుడు పెద్దలు మరమ్మతుదారుని మూడు మాటలు అడుగుడు. ఒకటి: స్కానరు వ్రాసిన సంకేతము యథాతథముగా ఏమి? సెన్సారనినదా, వలయమనినదా? రెండు: భాగము మార్చుటకు ముందు తీగెను, కనెక్టరును, ఎర్తును మీటరుతో చూచితివా? మూడు: తీసిన పాత భాగము నాకు ఇచ్చెదవా? ఈ మూడు ప్రశ్నలకు చక్కగా బదులు చెప్పువాడు మంచి మిస్త్రీ. కోపగించువాడు మరియొక చోటికి దారి చూపినట్లే. కోతల కాలమున వారమునకొకసారి ఇంజను మూత ఎత్తి గడ్డి, వడ్లపొట్టు, ఎలుక పెంటికలు కలవేమో చూచుకొనుట మరువకుడు.

ఊరి యువకులలో యంత్రవిద్యయందు అభిరుచి గలవారికి ఒక మాట. పాత మిస్త్రీల చెవి మీకు రాకపోవచ్చును. వారి ఓపికను మాత్రము విడువకుడు. స్కానరు దోషమున్న వీధిని చూపును గాని ఇంటిని చూపదు. ఆ వీధిలో ప్రతి గడపను తట్టి అడుగుట మనుష్యుని పని. పంచాయితీలో కూర్చుండు పెద్దలకు ఈ సంగతి నేను చెప్పవలసినది లేదు. ఒకడు వచ్చి సాక్ష్యము తప్పుగా చెప్పెనన్న, వాడు అబద్ధమాడెనా, లేక వాని మాటను మోసికొని వచ్చినవాడు నడుమ మింగెనా యని మీరు విచారింతురు. ఇంజను విషయమునను ఆ న్యాయమునే పాటింపుడు. విచారించక సాక్షిని దండించిన సొమ్ము పోవును. ఒక్కొక్క రాత్రి సొమ్ముకు మించినది పోవు ప్రమాదము కలదు. మా అక్కగారు ఆనాడు పొరుగువారి బండిలో పోయి తిరిగివచ్చిరి గనుక ఈ కథను నేను నెమ్మదిగా చెప్పగలుగుచున్నాను.